రెండు పిన్నులు

"అబద్ధం! పచ్చి అబద్ధం!" అంటూ ఇంజనీరమ్మ కోర్టు హాల్లో కుర్చీలోంచి లేచింది.

"కూర్చోవే తల్లీ, కొంప ముంచుతావు," అని ఆమె వకీలు చెయ్యి పట్టి లాగాడు. స్వయానా మేనమామ కాబట్టి ఆ చనువు.

తన పద్ధతిని కాజేసిందని ఆమె కేసు పెట్టిన ఫోన్ల కంపెనీ వకీలు చల్లగా చెప్పుకుపోతున్నాడు. "తగిలించింది ఇయర్‌ఫోనో కాదో, దాని మైకులోంచి వచ్చే చప్పుడు విని మా ఫోను పోల్చుకుంటుంది సార్. ఈవిడ పేటెంటేమో ఇయర్‌ఫోను పిన్నులో కరెంటుని అడ్డుకునే రెసిస్టర్‌ని కొలిచి పోల్చుకోవడం. దానికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా!"

అంతలో జడ్జిగారి జేబులో ఫోను గణగణమని మోగింది. బటన్లు అరిగిపోయి, రబ్బరు బ్యాండు చుట్టుకుని ఉన్న ఫోను. ఆయన నాలుక కరుచుకుని నొక్కేశారు.

"మా పెద్దమ్మాయి పెళ్ళయిన కొత్తలో అల్లుడు కొనిచ్చాడయ్యా. మనవరాలు కాలేజీకొచ్చింది, ఇది మాత్రం చావదు," అన్నారు. హాలంతా ఘొల్లుమంది.

ఇంజనీరమ్మకు నవ్వు రాలేదు. ఆరేళ్ళ కిందట వంటింటి బల్ల మీద, కూర మాడుతున్నా చూసుకోకుండా కనిపెట్టిన పద్ధతి అది. అది తనదేనని ఇవాళ నలుగురి ముందూ అనిపించుకోవాలి. సంచిలోంచి రెండు పిన్నులు తీసి బల్ల మీద పెట్టింది. వాటికి తీగ లేదు, మైకు లేదు. ఉత్త పిన్నులు.

"ఒకదాన్లో ఏమీ లేదండీ. రెండోదాన్లో ఆవగింజంత రెసిస్టర్, అంతే. చప్పుడు వినే ఫోనైతే రెండింటినీ పట్టించుకోకూడదు. పెట్టి చూడమనండి!"

కంపెనీ ఫోనులో మొదటిది గుచ్చారు. ఉలుకూ పలుకూ లేదు. రెండోది గుచ్చారు. తెర మీద ఇయర్‌ఫోను బొమ్మ టక్కున వెలిగింది.

"దొరికాడు దొంగ!" మేనమామ వయసు మరిచి చప్పట్లు కొట్టాడు. వెనక బెంచీల్లో ఒకటే గోల. కంపెనీ వకీలు ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అయినా పట్టు వదల్లేదు.

"ఈవిడకంటే ముందే ఎవరో ఒకరు ఇది చేసే ఉంటారు సార్! అప్పుడీ పేటెంటు చెల్లనే చెల్లదు!"

"ఏదీ, చూపించండి!" ఇంజనీరమ్మ గొంతు ఖంగుమంది. ఆనందంతో ఆమెకు కాలు నేల మీద నిలవడం లేదు. "నాకంటే ముందొచ్చిన ఫోన్లలో ఈ పని చేసేది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. నా పేటెంటు ఇక్కడే చింపేసి పోతాను!"

"నోటికి తాళం వెయ్యవే," అని మేనమామ గొణిగాడు, మీసాల చాటున నవ్వుకుంటూనే.

కంపెనీ వకీలు గబగబా కాగితాలు తిరగేశాడు, ఒక్క ఫోను పేరూ దొరకలేదు. జడ్జిగారు తీర్పు రాయడానికి కలం మూత తీశారు. రాయబోయి ఆగి, పసిపిల్లాడిలా చెయ్యి చాచారు.

"భలే ముచ్చటగా ఉందమ్మా. ఏవీ, ఆ రెండూ ఓసారి ఇలా ఇవ్వు."

ఇంజనీరమ్మ పొంగిపోతూ ఇచ్చింది. ఆయన రబ్బరు బ్యాండు పక్కకి జరిపి, తన ఫోనులో మొదటి పిన్ను గుచ్చారు. ఏమీ కాలేదు. తీసి రెండోది గుచ్చారు.

గీతలు పడ్డ ఆ బుల్లి తెర మీద ఇయర్‌ఫోను బొమ్మ టక్కున వెలిగింది.