ముప్పై గ్రాములు

"రోజుకి ఎంత సోయా పెడుతున్నారు?" అని అడిగింది డైటీషియన్.

"మూడు పూటలా అండి" అన్నాడు తండ్రి.

ఆవిడ కలం ఆపింది. "మూడు పూటలా?"

"పొద్దున సోయా పాలు. మధ్యాహ్నం డబ్బాలోకి మీల్ మేకర్ కూర. రాత్రికి టోఫు వేపుడు. మధ్యలో ఆకలంటే వేయించిన సోయా గింజలు."

పక్క కుర్చీలో పదిహేనేళ్ళ కూతురు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పొట్ట ఉబ్బరంతో వారం రోజులుగా పరుగు ప్రాక్టీసుకి పోలేదు.

సంగతి ఇదీ. ఏడాది కిందట ఒకరోజు భోజనం దగ్గర ఆ పిల్ల కంచం పక్కకి జరిపి, "ఇక నేను మాంసం తినను" అంది. తల్లి ఎందుకని అడిగింది. బతిమాలింది. కేకలేసింది. తండ్రి ఎందుకని అడగలేదు. "సరే తల్లీ" అని లేచి చేతులు కడుక్కున్నాడు.

ఇంట్లో సాయంత్రం వంట ఆయనదే. తల్లిది మిల్లులో రెండో షిఫ్టు. ఆయన తెల్లవారకముందే పనిలోకి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు వంటగదిలో అడుగు పెడతాడు. పిల్ల ఆ మాట అన్న మర్నాడే కొత్త గిన్నెలు, కొత్త చాకు, కూరలు తరిగే కొత్త పలక కొన్నాడు. వాటిని ఇంకే పనికీ ముట్టుకోనివ్వడు.

కొన్ని నెలలు బాగానే గడిచింది. ఒకరోజు స్కూలు మైదానంలో ఎనిమిది వందల మీటర్ల పరుగు, రెండో చుట్టు మధ్యలో పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది.

వ్యాయామం మాస్టారు తండ్రిని పిలిపించారు.

"ఇలాగైతే జట్టులోంచి తీసేయక తప్పదు. బలానికి కాస్త మాంసం పెట్టండి. మీకు నేను చెప్పాలా?"

"అది తిననందండి."

"మీరు గట్టిగా చెబితే తినదూ?"

"చెప్పనండి."

మాస్టారు ఆయన మొహంలోకి చూశారు. "అయితే రెండు నెలలు టైమిస్తున్నా."

ఆ సాయంత్రం ఎవరో సోయాలో బోలెడు ప్రొటీన్ ఉంటుందన్నారు. ఇక చూసుకోండి, ఆ ఇంట్లో పొయ్యి మీద సోయా తప్ప మరొకటి ఉడకలేదు. నెల తిరిగేసరికి పిల్లకి పొట్ట ఉబ్బింది. పైగా పక్కింటి పిన్ని, "ఆడపిల్లలకి సోయా పెడితే హార్మోన్లు అటూ ఇటూ అయిపోతాయట" అని ఒక మాట వదిలి వెళ్ళింది. ఆయనకి కంటి మీద కునుకు లేదు. కూతుర్ని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చాడు.

డైటీషియన్ అంతా విని తల ఊపింది.

"సోయా మంచిదేనండి. ఆ హార్మోన్ల భయం పెట్టుకోకండి, కూరగా తినేంత సోయాతో అలాంటివేం జరగవు. మంచిదని చెప్పి అదొక్కటే పెట్టడం తప్పు. ఎండు మీల్ మేకర్ రోజుకి ముప్పై గ్రాములు చాలు. అది వండని రోజు గ్లాసుడు సోయా పాలో, ఓ ముక్క టోఫునో. మిగతాది పప్పులు, శనగలు, పల్లీలు, పాలు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి. భోజనంతో పాటు టీ ఇవ్వకండి. డాక్టరుగారు రాసిన ఐరన్, బీ ట్వెల్వ్ మాత్రలు వేస్తున్నారుగా?"

"వేస్తున్నామండి."

"ముప్పై గ్రాములు కొలవడానికి చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి."

"అక్కర్లేదండి."

బల్ల మీద నమూనాకి పెట్టిన సీసాలోంచి ఆయన గుప్పెడు మీల్ మేకర్ తీశాడు. మూడు ఉండలు వెనక్కి వేసి, మిగతావి ఆవిడ త్రాసులో పోశాడు. అంకె ముప్పై దగ్గర ఆగింది.

"మీరు వంటమాస్టరా?"

"కాదండి. చేతికి అలవాటు."

కూతురు కిటికీ వైపు నుంచి మొహం తిప్పి తండ్రి చేతుల కేసి చూసింది. మళ్ళీ కిటికీలోకి చూసింది.

"ఇంట్లో ఇంకెవరైనా మాంసం మానేశారా?"

"నేను మానేశానండి. అది ఒక్కతే వేరే కంచం పెట్టుకుంటే నాకు ముద్ద దిగదు."

"మంచిది. నెల తర్వాత రండి. ఆదివారమైతే ఇక్కడ రద్దీ ఉండదు."

"ఆదివారం మాత్రం నాకు తల గోక్కునే తీరిక ఉండదండి. సోమవారం వస్తాం."

మెట్లు దిగుతుండగా కూతురు ఆయన చొక్కా కొస పట్టుకుంది.

"నాన్నా, నా కోసం నువ్వు నోరు కట్టుకోవద్దు. నువ్వు తినొచ్చు."

"అలవాటైపోయింది తల్లీ. ఇప్పుడు పెట్టినా సయించదు."

"మరి..." అని ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు."

ఇద్దరూ ఇంటిదాకా నడిచారు.

నెల గడిచింది. పొట్ట ఉబ్బరం ఎప్పుడో పోయింది. హిమోగ్లోబిన్ పన్నెండుకి వచ్చింది. శనివారం పోటీలో పిల్ల పడిపోకుండా రెండు చుట్లూ పూర్తిచేసి మూడో స్థానంలో నిలిచింది. గీత దాటి ఆగకుండా అలాగే పరుగెత్తుకొచ్చి తండ్రిని వాటేసుకుంది. ఆయన చెమట పట్టిన ఆ తల మీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

మాస్టారు నవ్వుతూ వచ్చారు. "మొత్తానికి దారికి తెచ్చారన్నమాట! మాంసమే కదూ?"

"మీల్ మేకరండి. రోజుకి ముప్పై గ్రాములు. అంతకు మించి పెట్టకూడదట."

మర్నాడు తెల్లవారేసరికి కొట్టు ముందు వరసలో మొదట నిలబడ్డావిడ "లేతదేనా అన్నా?" అని అడిగితే, "తిన్నవాళ్ళు అలాగే అంటున్నారమ్మా" అని, ఆయన కొక్కానికి వేలాడుతున్న మేక తొడను దించి, మొద్దు మీద పెట్టి కత్తి ఎత్తాడు.