దారం చుట్టిన బోల్టు

పాప పాలసీసాలో బండి ఫోర్క్ ఆయిల్ పోస్తున్న మొగుణ్ణి చూసి వసంత పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో! గది పాప సీసా!”

“దీనికి గీతలున్నయి కదనే. బండి ముందటి రెండు పైపులల్ల సమానంగ పోయాలె. వీడియోల గట్లనే చెప్పిండు,” అన్నాడు జగదీశ్.

“గా సీసా ఇంక పాప నోట్లె పెట్టనిస్తనా? మెకానిక్ కాడికి పోరాదు?”

“దుబాయ్‌ల ఇరవై అంతస్తుల లిఫ్టులు బిగిస్తున్న. బండికి రెండు స్ప్రింగులు మార్చలేనా?”

అతను సెలవు మీద వచ్చి పది రోజులైంది. జగిత్యాల పోయే దారిలో గుంత వచ్చినప్పుడల్లా బండి ముందు భాగం దబ్బున దిగుతుంది. ఒళ్లో పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. అందుకే గట్టి స్ప్రింగులు తెప్పించాడు. తెల్లవారితే పాపకు టీకా, జగిత్యాల పోవాలి.

కోరుట్లలో వాళ్ల వాకిట్లో బండి ముందు చక్రం లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది. పక్కన స్టీలు పళ్లెంలో నట్లు, బోల్టులు.

వసంతకు కాలు ఒక దగ్గర నిలవడం లేదు. పాపను ఎత్తుకొచ్చి బొమ్మల దగ్గర కూర్చోబెడుతుంది, పొయ్యి మీద పాలు చూసొస్తుంది. వచ్చేసరికి పాప పాక్కుంటూ మళ్లీ పళ్లెం దగ్గరే.

మధ్యాహ్నానికి చక్రం ఎక్కింది. పళ్లెం ఖాళీ అయింది.

“చూసినవా? ఒక్క బోల్టన్న మిగిలిందా?” అని నవ్వి, జగదీశ్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

అప్పుడే వాకిట్లో ఒక పాత మోపెడ్ ఆగింది.

“తువ్వాళ్లు, లుంగీలు... సిరిసిల్ల మాలు బిడ్డా!”

ముసలాయన. ఆయన బండికి ఎక్కడ బోల్టు ఉంటే అక్కడ ఎర్రటి నూలు దారం.

“ఏంది తాతా, బండిని దారంతోని కుట్టినవా?” అంది వసంత.

“ముప్పై ఏండ్లు సాంచాలు నడిపిన బిడ్డా. కరెంటు మగ్గం అదురుడుకు బోల్టు ఊడిపోవద్దని దారం చుట్టి బిగిస్తం. గదే అలవాటు.”

మాట్లాడుతూనే ఆయన జగదీశ్ బండి వైపు చూశాడు. దగ్గరికి పోయి వంగి మళ్లీ చూశాడు.

“బిడ్డా, ఇంట్ల పాత బోల్టేమన్న ఉన్నదా?”

తువ్వాళ్లు అమ్ముకునేవాడికి బోల్టెందుకు? వసంతకు అనుమానం వచ్చింది.

“ఏం లేదు. మాకు తువ్వాళ్లు గూడ వద్దు. నువ్వు పో.”

“గట్ల గాదు బిడ్డా, గా బ్రేకు...”

లోపల పాప కెవ్వుమంది. వసంత ఉరికింది.

పాపను చంకనేసుకుని వచ్చేసరికి ముసలాయన వాళ్ల బండి ముందు చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా.

“దొంగ! దొంగ!”

పక్కింటి మల్లవ్వ చీపురుతో సహా వచ్చింది.

“నెత్తి తెల్లగైంది గని బుద్ధి రాలేదారా నీకు?”

జగదీశ్ తడిచేతులతోనే ఆయన గల్లా పట్టాడు. మూట విప్పించాడు. తువ్వాళ్లు, లుంగీలు తప్ప ఏమీ లేవు.

“ఏం తీయలే కొడుకా. నేను...”

“ఇంక మాట్లాడుతున్నవా? కదులు!” అని మల్లవ్వ చీపురెత్తింది.

ఆయన మట్టంటిన తువ్వాళ్లను ఒక్కొక్కటే దులిపి మడతపెట్టుకున్నాడు. మూట కట్టుకుని బండిని నెట్టుకుంటూ పోయాడు.

“చూడు, బండి స్టార్టు చేసుడు గూడ మరిచిండు. గంత భయం!” అంది మల్లవ్వ.

వసంత కూడా నవ్వింది.

మర్నాడు బండి పరుపు మీద పోయినట్టు పోయింది. టీకా వేయించుకుని వస్తుంటే సందులోంచి ఒక లారీ అడ్డం వచ్చింది. జగదీశ్ ముందు బ్రేకు గట్టిగా పట్టాడు. లారీకి జానెడు దూరంలో బండి నిలిచింది. పాప నిద్ర కూడా లేవలేదు.

ఇంటికొచ్చి వసంత పాప బొమ్మల డబ్బా బోర్లించింది. గిలక్కాయతో పాటు మెరిసే బోల్టొకటి దొర్లింది.

“గిదేంది? పాప గిట పళ్లెంలకెల్లి తీసిందా?”

జగదీశ్ బోల్టును అందుకుని తిప్పి తిప్పి చూశాడు.

“బ్రేకును ఫోర్కుకు పట్టుకునే బోల్టు. రెండుండాలె. ఒక్కటి లేకున్న, బ్రేకు పట్టంగనే గది తిరిగి చక్రంల ఇరుక్కుంటది. గా లారీ ముందట మనం ముగ్గురం...”

ఇద్దరూ వాకిట్లోకి ఉరికారు.

బ్రేకు దగ్గర రెండు బోల్టులూ ఉన్నాయి. ఒకటి మెరుస్తోంది. రెండోది పాతది, నల్లబడ్డది. దాని మెడకు ఎర్రటి నూలు దారం.

“మోపెడ్ బ్రేకుకుండే బోల్టు గిది,” అన్నాడు జగదీశ్ దాన్ని తడిమి చూస్తూ.

వసంత పాపను గుండెకు అదుముకుని ఖాళీ వీధి వైపు చూసింది.

నిన్న ఆ ముసలాయన బండిని నెట్టుకుంటూ పోయింది భయంతో కాదు, తన బ్రేకు వాళ్ల పాపకిచ్చి పోయాడు.