మోస్ వంతు ఎముక

ఫెస్టస్ తుపాకీతో గుమ్మంలోకి వచ్చేసరికి డెల్యా ఇంకా తన కుక్క జెస్ మూతి తుడుస్తూనే ఉంది. గుడ్డని గబుక్కున పొయ్యిలో పడేసి, జెస్‌ని కాలితో బల్ల కిందికి నెట్టింది.

"ఈ ఇంటివాళ్ళని దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు ఫెస్టస్. పక్క పొలం వాడు, ఎప్పుడొచ్చినా అనే మాటే. తుపాకీ పట్టుకొచ్చి అనడం మాత్రం ఇదే మొదలు. దానికి కాల్చిన మందు వాసన ఇంకా వదల్లేదు.

"కూర్చో. స్ట్యూ ఉడికింది" అంది డెల్యా.

అతను టోపీ తీసి, తుపాకీని గోడకి ఆనించి బల్ల దగ్గర కూర్చున్నాడు. రాత్రి కొండ మీద తన గొర్రెపిల్లల్ని మూడింటిని ఏదో కుక్క చీల్చేసిందని, ఒకదాన్ని సగానికి పైగా తినేసిందని చెప్పాడు. డెల్యా అయ్యో అంది. తెల్లారగట్ల జెస్ ఇంటికొచ్చినప్పుడు దాని పళ్ళ మధ్య ఉన్ని ఇరుక్కుని ఉంది. మెడ కింద తెల్లబొచ్చంతా ఎర్రగా ఉంది; అదంతా కడిగేసరికే ఇంత పొద్దెక్కింది.

ఐర్లండు పడమటి కొసన ఈ కనెమారా కొండల్లో మనిషిని చంపినవాడికైనా లాయరు దొరుకుతాడు. గొర్రెపిల్లని చంపిన కుక్కకి తూటా ఒక్కటే, వాదించేవాడుండడు. డెల్యా కూడా ఏనాడూ వాదించలేదు, చచ్చేవి ఊరివాళ్ళ కుక్కలైనంత కాలం. కానీ మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమెతో పాటు ఊపిరి తీసే ప్రాణి ఈ జెస్ ఒక్కటే.

గొర్రె మెడముక్కలూ బంగాళాదుంపలూ పెద్దవి చూసి అతని గిన్నె నిండా వేసింది. నోట్లో ముద్ద ఉన్నంతసేపైనా ఏమీ అడగడు కదా అని ఆశ. ఫెస్టస్ తల వంచుకుని తింటున్నాడు. బయట వాన కిటికీని కొడుతోంది.

"ఏ కుక్కో తెలిసిందా?" అని చివరికి తనే అడిగేసింది.

"తెలిసింది."

డెల్యా కాలితో జెస్‌ని ఇంకాస్త లోపలికి నెట్టింది.

"మా మోస్" అన్నాడు ఫెస్టస్. "నేను వెళ్ళేసరికి చచ్చిన గొర్రెపిల్లల పక్కనే నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్ళు నా మంద కాసినవాడు. నా చేత్తో నేనే కాల్చాను, డెల్యా. ఇంటికి పోబుద్ధి కాక ఇలా వచ్చాను."

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది ఆమెకి. ఆ వెంటనే సిగ్గేసింది. అయినా నోరు విప్పి నిజం చెప్పిందా అంటే, లేదు. పాపం మోస్ అంది. చెయ్యాల్సిందే చేశావులే అని ఓదార్చింది. అడక్కుండానే ఇంకో గరిటెడు వేసింది.

అంతా తిన్నాక, అడుగున మిగిలిన పెద్ద ఎముకని ఫెస్టస్ వేళ్ళతో తీశాడు. దానికి కాస్త మాంసం కావాలనే ఉంచాడు.

"నువ్వు స్ట్యూ పెట్టినప్పుడల్లా ఇది వాడికి పట్టుకెళ్ళేవాణ్ణి. ఇవాళ వాడి వంతు జెస్ తింటుందిలే" అంటూ కళ్ళు తుడుచుకుని, వంగి, ఎముకని జెస్ మూతి ముందు పెట్టాడు.

మామూలుగా ఆ కుక్క స్ట్యూ వాసనకే పొయ్యి దగ్గర పొర్లి పొర్లి ఏడ్చేది. ఇవాళ ఒకసారి వాసన చూసి, మొహం తిప్పుకుని, కాళ్ళ మీద తల ఆనించి పడుకుంది.

"వాన పడితే దానికి తిండి సయించదు" అంది డెల్యా, ఎవరూ అడక్కుండానే.

వంగినవాడు వంగినట్టే, ఫెస్టస్ ముందు ముట్టని ఎముకని చూశాడు, తర్వాత జెస్ ఉబ్బిన పొట్టని.

"మోస్ ఆకలితో ఉన్నాడు, డెల్యా" అన్నాడు. "తుపాకీ ఎత్తితే, తిండి పెడుతున్నాననుకుని గొట్టం నాకాడు."