కల్లం మీది ఆకాశం

కెమెరాను స్టాండుకి బిగించి, సత్తారు నడుం పట్టుకుని మిరపకాయల బస్తా మీద కూలబడ్డాడు. పొద్దున మాచర్లలో పెళ్ళి, మధ్యాహ్నం ఓణీల ఫంక్షను, చీకటి పడేసరికి ఇక్కడ చుక్కలు. ఇన్నేళ్ళ ఫోటోల బతుకులో ఉత్త ఆకాశాన్ని తీయమన్న మనిషి బుల్లెమ్మ ఒక్కతే.

తీసిపెట్టమన్నా బాగుండేది. నేర్పమంది.

"నువ్వెన్నిసార్లని వస్తావు తమ్ముడూ? కాలాన్నిబట్టి మార్చుకోవాల. చుక్కలు ఒకచోట ఉండవుగా" అంది.

బుల్లెమ్మది వెల్దుర్తి పక్క పల్లె. దీపావళి ముందు పత్తి లోడు ట్రాక్టరు బోల్తాపడి ఆమె మొగుడు సుబ్బారావు దాని కింద పడ్డాడు. గుంటూరు తీసుకెళితే లాభం లేదన్నారని సత్తారు తన స్టూడియో ముందున్న టీకొట్టులో విన్నాడు. ఆ పైన అడగడానికి నోరు రాలేదు. ఆమె నుదుట బొట్టు అలాగే ఉంది. ఈ రోజుల్లో ఎవరు తీస్తున్నారులే అనుకున్నాడు.

ఏటా కాయ ఆరబోసినన్నాళ్ళూ సుబ్బారావు ఈ కల్లంలోనే నులకమంచం వేసుకుని కాపలా పడుకునేవాడట. పైన చుక్కలు చూడందే ఆయనకు కన్ను మూతపడేది కాదట. ఆయన చూసిన ఆకాశమే, ఆ మంచం ఉన్నచోటి నుంచే, ఉన్నదున్నట్టు కావాలి. అదీ ఈ అమావాస్యకే. దాటితే వెన్నెల వస్తుంది. వచ్చే అమావాస్యకి కాయ ఎత్తేస్తారు, ఆ చుక్కలూ పడమటికి దిగిపోతాయి.

పెళ్ళిళ్ళలో రెండు వైపుల చుట్టాలనూ ఒకే ఫోటోలో ఇరికించడానికి కొన్న వైడ్ లెన్సు సత్తారు దగ్గరుంది. దాన్ని నిట్టనిలువుగా పైకి తిప్పాడు. ఒట్టి ఆకాశం ఏం బాగుంటుంది, ఓ పక్కన వేపచెట్టు పడనిద్దామన్నాడు.

"చెట్టొద్దు. పడుకున్నోడికి చెట్టు కనపడదుగా" అని బుల్లెమ్మ వంగి కెమెరాను తనే తిప్పింది. "తల ఇటు. ఆయన తూర్పుకి తలపెట్టేవాడు."

మొదటి రాత్రి షట్టరు మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచాడు. చుక్కలు చుక్కల్లా రాలేదు, గీతల్లా సాగాయి. అసలు సంగతి సత్తారుకీ తెలియదు. ఫోనులో వీడియోలు చూసి తను నేర్చుకుంటూనే ఆమెకు నేర్పాడు. మెరిసే చుక్క ఒకటి చూసుకుని అది సూదిమొనంత అయ్యేదాకా లెన్సు తిప్పాలి. వేలు అదిరితే ఫోటో చెడుతుంది గనుక టైమరు పెట్టి దూరం జరగాలి. మర్నాడు ఆమే తీసింది. చుక్కలు కుదిరాయి గానీ చుట్టూ ఉన్న కల్లాల్లోని లైట్లు పడి ఆకాశం మజ్జిగలా తెల్లబోయింది. ఆమె ముఖం చూడలేక సత్తారు స్టాండు మడతపెట్టుకున్నాడు. ఇక ఒక్క రాత్రే మిగిలింది.

ఆ ఒక్క రాత్రి కోసం బుల్లెమ్మ పగలంతా కల్లం కల్లం తిరిగింది. కాసేపు లైట్లు ఆపమని అడిగింది. కాయ కుప్పలు పోసి ఉండగా లైటు ఆపడమంటే దొంగను పిలిచి పీట వేయడమే. ఎవరాపుతారు అనుకున్నాడు సత్తారు. తీరా చూస్తే, సుబ్బారావు కోసమంటే ఒక్కరూ కాదనలేదట. చూస్తుండగానే ఒక్కొక్క బల్బూ ఆరిపోయింది. అంత చీకటి సత్తారు చిన్నప్పుడెప్పుడో చూశాడు. పోయినవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళ కోసం ఇంత చేసేవాళ్ళుంటారు అనుకున్నాడు.

బుల్లెమ్మ బటను నొక్కి వెనక్కి జరిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కెమెరా టక్కుమంది.

తెర మీద ఆకాశమంతా దిగివచ్చింది. వరసగా ఉన్న మూడు చుక్కల మీద ఆమె వేలు పెట్టింది.

"ఇదిగో, గొల్లకావిడి. దీన్ని చూసే టైమెంతయిందో చెప్పేవాడు" అంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఏడ్చింది.

ఆ ఫోటోను ఫ్లెక్సీగా వేసిపెట్టమని, కొలత కోసం ఓ తాడు ఇచ్చింది. నిడివికో ముడి, వెడల్పుకో ముడి. చానా పెద్దది. నాలుగురోడ్ల సెంటర్లో కట్టిస్తుంది కాబోలు అనుకున్నాడు సత్తారు. పోయినవాళ్ళ ఫ్లెక్సీలకు వెనక ఎప్పుడూ నెట్‌లో దొరికే నీలం మబ్బులే వేస్తాడు. సొంత ఆకాశం తెచ్చుకున్నది ఈమే. మధ్యలో ముఖానికి చోటు వదిలి, మంచి ఫోటో ఒకటి ఇవ్వమన్నాడు.

"ఫోటో ఎందుకు? ఆకాశం చాలు."

కింద అక్షరాలేమైనా వేయాలా అని మెల్లగా అడిగాడు.

"ఆయనకి అక్షరాలతో పనేంది?" అంది బుల్లెమ్మ.

అదీ నిజమేలే అనుకున్నాడు. అశ్రునివాళి అని ముందే టైపు చేసిపెట్టుకున్న లైను తీసేశాడు.

ఫ్లెక్సీలు కట్టే మనుషులు దొరక్క తనే చుట్ట భుజాన వేసుకుని వెళ్ళాడు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ఇది కట్టేసి పోతే రెండు రోజులు స్టూడియో తెరవకూడదనుకున్నాడు. బుల్లెమ్మ ఇంటి ముందు కర్రలు పాతే చోటు వెతుకుతుంటే ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"అక్కడేం చూస్తన్నావు? ఆ నిచ్చెన తీసుకుని లోపలికి రా."

చెప్పులు విడిచి ఆమె వెనకే గదిలోకి వెళ్ళాడు.

తూర్పుకి తలపెట్టి మెడ కింద ఏదీ కదలకుండా మంచం మీద పడుకున్న సుబ్బారావు, పైన ఒట్టి సున్నం కొట్టిన శ్లాబు వంకే చూస్తూ, "సత్తారూ, గొల్లకావిడి సరిగ్గా నా కళ్ళమీదికి రావాల, కాస్త చూసి కొట్టు" అన్నాడు.