వేపుడికి వెలగని పొయ్యి

ఇంట్లో ఏ ఒక్కరికి పేగుల చుట్టూ కొవ్వు హద్దు దాటినా ఆ పొయ్యి వేపుడికి వెలగదు. ఎవరికో మాత్రం చెప్పదు.

"నీ ఒళ్లు సూసుకున్నావేటే? నీ మూలాన్నే అందరికీ మూడు నెలలుగా ఉడకేసిన కూడు!" అంది అత్త సన్యాసమ్మ. ఆమె ఎండుపుల్లలా ఉంటుంది.

ఆ మూడు నెలలూ కోడలు వరాలు రాగిజావే తాగింది. తుంటి తగ్గలేదు. చివరికి కొవ్వు తనిఖీ చేసే అమ్మాయిని తనే పిలిపించింది.

ఆ అమ్మాయి వరాలు పొట్ట మీద పెట్టిన కొలత బిళ్ల చాలాసేపు ఆలోచించి పచ్చగా వెలిగింది.

"తుంటి కొవ్వు మొండిదమ్మా, దాంతో భయం లేదు. లోపలిది ముందే కరిగిపోయింది," అందా అమ్మాయి.

వరాలు మొగుడికీ పచ్చే.

"బక్కదాన్ని, నాకెందుకే?" అంటూనే పడుకుంది సన్యాసమ్మ. బిళ్ల వెంటనే ఎర్రబడింది.

వరాలు తన జావగిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది.

"సల్లారిపోద్ది అత్తా, తాగు."