గుంపు వదిలినవాడు

"టైరు మీద బురద ఎక్కడిది?" అని అడిగాడు కెప్టెన్.

టైలరు తలొంచుకున్నాడు.

కెప్టెన్ అంటే సైన్యంలో చేసినవాడు కాదు. బడిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరైనవాడు. మెడలో ఈల మాత్రం ఇంకా తీయలేదు. మోటారు సైకిళ్ళ క్లబ్బు పెట్టింది ఆయనే. ఆయన ఇంటి వెనక షెడ్డులోనే అందరి బళ్ళూ ఉంటాయి. నేల మీద సుద్దతో గళ్ళు గీశాడు. ఒక బండి ఎడమకి, దాని వెనకది కుడికి, ఆ వెనకది మళ్ళీ ఎడమకి. గుంపుగా వెళ్ళేటప్పుడు ముందువాడు బ్రేకేస్తే వెనకవాడు వచ్చి గుద్దకూడదంటే అదే పద్ధతి. ఆ వరస జానెడు తప్పినా ఆయన ఈల ఊదేస్తాడు.

ఆదివారం పొద్దున్నే అందరూ దిగిపోతారు. ఇవాళా దిగారు. మందుల షాపాయన ఆటోలోంచే హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. ఫోటోగ్రాఫరు చంకలో వానకోటు. కెప్టెన్ బావమరిది ఫ్లాస్కు నిండా టీ తెచ్చాడు. అతనిది ఎప్పుడూ చివరి బండి. ముందున్నవాళ్ళలో ఎవరికేమైనా చూసుకోవలసింది అతనే.

అందరి ఒంటి మీదా ఒకే రకం జాకెట్లు. మోచేతుల దగ్గర స్పాంజి, వీపు మీద డేగ. అన్నీ టైలరు కుట్టినవే. డేగ కాస్త కోడిలా వచ్చిందని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు గానీ, అతని మొహం మీద ఎవరూ అనలేదు.

భార్య పోయాక టైలరుకి ఇంట్లో పలకరించే మనిషి లేడు. వారమంతా మిషనుతోనే కాపురం. ఆదివారం ఈ నలుగురితో కలిసి చేసే రైడు ఒక్కటే అతను మనుషుల్లో పడే దారి. ఇప్పుడా దారి మూసుకుపోయేలా ఉంది.

"నిన్నేనయ్యా అడిగేది!"

"మొన్న వానలో... కాస్త అలా..."

"అంటే వెళ్ళావు. మేమెవరం లేకుండా."

"వెళ్ళాను మాస్టారూ."

"నేను చెప్తే నమ్మలేదుగా!" అన్నాడు ఫోటోగ్రాఫరు. "పెళ్ళి ఫోటోలకి బస్సులో పోతున్నా. కిటికీ పక్కనుంచి సర్రుమని పోయాడు. ఎవడో కాలేజీ కుర్రాడనుకున్నా. తీరా చూస్తే వీపు మీద కోడి."

"డేగ," అన్నాడు టైలరు మెల్లగా.

"నోర్ముయ్," అన్నాడు కెప్టెన్. "బళ్ళకి ముసుగులు కుడతా, కొలతలు కావాలి, షెడ్డు తాళంచెవి ఇవ్వండి అన్నావు. ఇందుకా?"

మందుల షాపాయన ఈలోగా టైలరు హెల్మెట్ అందుకుని వెలుతురులో పెట్టి చూశాడు. అద్దం మీద ఏదో అంటుకుని ఉంది. మాత్రని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తీశాడు.

"ఇదేంటి?"

"పురుగండీ."

"అది తెలుస్తూనే ఉంది. మన క్లబ్బులో ఇంకెవరి అద్దం మీదైనా పురుగు చూశావా నువ్వు?"

"లేదండీ."

"పెట్రోలు కూడా పోయించావా?"

"పోయించానండీ."

షాపాయన గుండె మీద చెయ్యేసుకుని పక్కకి తిరిగాడు.

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ క్లబ్బు పెట్టాక ఒక్కడు కింద పడ్డాడా? ఒక్కడి మోకాలు చెక్కుకుపోయిందా? ఒక్క పోలీసు మనల్ని ఆపాడా? ఎందుకని? కలిసి వెళ్తాం, కలిసి వస్తాం. ఆ లోయ పక్క మలుపులో నేను చెయ్యి కిందకి ఊపి నిదానం అనకపోతే షాపాయన గతేమిటి?"

"పోయేవాణ్ణి," అన్నాడు షాపాయన. తలచుకుంటేనే అతనికి చెమట పట్టింది.

"పోనీలే బావా," అన్నాడు బావమరిది. "ఒప్పుకున్నాడుగా. ఈసారికి వదిలెయ్."

"ఇవాళ ఇతన్ని వదిలేస్తే రేపు నువ్వు పోతావు."

బావమరిది గతుక్కుమన్నాడు. ఫ్లాస్కు మూత అక్కర్లేకపోయినా ఇంకాస్త బిగించాడు. తర్వాత ఉండబట్టలేక టైలరు పక్కకి జరిగి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎలా ఉంది?"

టైలరు తలెత్తాడు. "గాలి అన్ని పక్కల నుంచీ వస్తుందన్నా. తడిమట్టి వాసన. మధ్యలో ఒక కుక్క వెంటపడింది."

"కుక్కా!" అన్నాడు ఫోటోగ్రాఫరు నోరు తెరిచి.

కెప్టెన్ ఈల ఊదాడు. "చాలు! డేగ ఊడదియ్."

టైలరు జాకెట్ విప్పి, జేబులోంచి చిన్న కత్తెర తీసి, ఒక్కో కుట్టూ తెంపాడు. డేగని మడిచి కెప్టెన్ చేతిలో పెట్టాడు.

"ఇంకెప్పుడూ వెళ్ళను మాస్టారూ. వరసలో నా చోటు నాకుంచండి. చివర్లోనైనా సరే."

"ఒకసారి వెళ్ళొచ్చినవాడు ఇక్కడ కుదురుగా ఉండలేడయ్యా," అన్నాడు కెప్టెన్. ఈసారి ఆయన గొంతులో కోపం లేదు. "నీ బండి నువ్వు తీసుకుపో."

టైలరు బండిని షెడ్డు బయటికి తోసుకుపోయాడు. ఎవరైనా పిలుస్తారేమోనని కాసేపు నిలబడ్డాడు. తర్వాత కిక్కు కొట్టాడు.

అతని బండి చప్పుడు వీధి చివర కలిసిపోయాక కెప్టెన్ షట్టరు దించి, ఎదుటి గోడకున్న పెద్ద ఫ్యాను వేసి, స్టాండు వేసి ఉన్న తన బండెక్కి చెయ్యి పైకెత్తగానే, మిగిలిన ముగ్గురూ స్టాండు వేసి ఉన్న తమ బళ్ళ మీద ముందుకి వంగి, నోళ్ళతో డుర్రుమంటూ, ప్రతి ఆదివారంలాగే ఘాట్ రోడ్డుకి బయల్దేరారు.