పేరు అడగని ఆదివారాలు

ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. రాత్రంతా పడిన వాన తెల్లవారుజామున వెలిసింది. తమిళనాట గుడియాత్తం కొండకు నడుము దాకా మబ్బు దిగి ఉంది.

కొండ మొదట్లో బాట కోసం ముళ్ళచెట్లు నరుకుతున్నవారి దగ్గరికి ఒక పెద్దాయన గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు.

“కొండబాట ట్రస్టు వాళ్ళు మీరేనామ్మా? నా పేరు...”

“పేరొద్దప్పా!” ట్రస్టు నడిపే ఇందుమతి చెయ్యెత్తి ఆపింది. “ఈడ పేరూ, ఊరూ, వీధీ ఎవురూ అడగరు, ఎవురూ చెప్పరు. మీరొచ్చినారు, అది చాలు. ఇదో, పార.”

ఆయన పారను చూశాడు. ఆమెను చూశాడు. చెప్పబోయిన మాటను మింగి, పంచె ఎగగట్టాడు.

ఆ నియమం పెట్టింది ఇందుమతే. దానికి కారణం ఉంది. ట్రస్టు మొదలైన కొత్తలో ఎవరో ఎవరినో ‘ఏ వీధి?’ అని అడిగారు. వీధి నుంచి మాట కులానికి పోయింది, కులం నుంచి నీళ్ళబిందెకు. మరుసటి ఆదివారం రెండు బిందెలు వచ్చాయి. ఆపై ఆదివారం మనుషులే రాలేదు.

అప్పటినుంచి అక్కడ అందరూ అక్కలు, అన్నలు, తాతలు మాత్రమే.

పెద్దాయన వాన కోసేసిన చోట రాళ్ళు పేర్చి మెట్లు కట్టసాగాడు. కాలేజీలో చదివే కవిప్రియ గంపతో మట్టి అందిస్తూ అడిగింది.

“తాతా, మీరు మేస్త్రీనా?”

“చిన్నప్పుడు మా నాయనెంట సున్నం మోసినా తల్లీ.”

“అట్లయితే మేస్త్రీ తాత!”

ఆ పిలుపుకు ఆయన ముఖం విప్పారింది. ఆపైన ప్రతి ఆదివారం పళ్ళికొండ ఊరి మీదుగా వచ్చే తొలి బస్సులో దిగేవాడు.

బాట మాత్రం కొండ సగంలో ఒక ఇనుప కంచె దగ్గర ఆగిపోయింది. పని ముగిశాక ఇందుమతి ఆ కంచె పట్టుకుని, అవతలికి చూస్తూ నిలబడేది.

“ఆ పక్క ఏముండాదమ్మా?” ఒకనాడు పెద్దాయన అడిగాడు.

“ఊట ఉండాదప్పా. అరవోళ్ళ ఆడి నెలలో ఒక దినం మగ్గాలు నిలిపి, వీధి వీధంతా ఆడికి పోయి పొంగలి పెట్టుకొని వస్తా ఉంటిమి. మా అమ్మ దోసిట్లో పట్టి నాకు తాపించేది. కండ్లు మూసుకుంటే ఆ చల్లదనం ఇంకా గొంతులోకి దిగతాది. చచ్చేలోగా ఒక్కసారి నడిచిపోయి తాగల్లని ఉండాది.”

“పోయేదానికేమి?”

“నేల దొరైస్వామిది. వేలూరులో ప్లాట్లు వేసి అమ్మే పెద్దమనిషి. మూడు అర్జీలిచ్చినాం. పోయినప్పుడంతా ఆఫీసులో ‘అయ్యా లేరు’ అంటారు. మనిషి ముఖమే చూడలే.”

“ఆయప్ప యాడ వస్తాడక్కా?” కవిప్రియ అందుకుంది. “కొండను చూసినా సెంటు ఎంత అని అడిగే రకం. రానీ, ఈ పారతోనే హారతి పడతా!”

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. కానీ చేతిలోని రాయిని ఎక్కడ పెట్టాలో మరిచినవాడిలా కాసేపు నిలుచున్నాడు.

“ఆయనే వచ్చి ఎదురుగా నిలబడితే, అడుగుతావామ్మా?”

“నిలబడితే గదప్పా! ఆదివారం పూట ఆ పేరెందుకు? నోరు చేదు.”

ఆయన మళ్ళీ రాయి మీదికి వంగాడు.

అక్టోబరులో ఐప్పసి వానలు పట్టుకున్నాక మేస్త్రీ తాత రావడం మానేశాడు.

“జొరమేమో అక్కా. పోయి చూసొద్దామా?” అంది కవిప్రియ.

“యాడికి పోయేది?”

అన్నాక గానీ ఆ ప్రశ్న బరువు ఇందుమతికి తెలియలేదు. అంతమందిని ఒక్కచోటికి చేర్చిన నియమం, అందులో ఒక్క మనిషి ఇంటికి మాత్రం దారి మిగల్చలేదు.

కార్తీకం రాకముందే గుడియాత్తం బస్టాండు గోడమీద కన్నీటి అంజలి పోస్టరు కనిపించింది. పట్టు కండువా, నుదుట గంధం, అదే విప్పారిన ముఖం.

“అక్కా, మన తాత!” అంది కవిప్రియ. బొమ్మ కింద పెద్ద అరవ అక్షరాలను ఆమె నమ్మలేనట్టు ఒక్కొక్కటే చదివింది. “దొ...రై...స్వామి.”

మరునాడు ఇందుమతి వేలూరులోని ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన చెప్పిన గుర్తులతో భార్య రాజాంబాళ్ వాకిట్లోనే ఆమెను పోల్చుకుంది.

“కొండమీది అమ్మ నువ్వేనా?”

“నేనేమ్మా. తెలీక ఎన్నెన్నో మాటలంటిమి...”

“అవన్నీ ఇంటికొచ్చి చెప్పి నవ్వుతా ఉండె. నీ అర్జీ చూసి, నేల రాసిస్తానని చెప్పేదానికే మొదటి దినం వచ్చినాడు. నువ్వు చేతికి పార ఇచ్చినావంట గదా!”

ఇందుమతి ఆ పార ఇచ్చిన తన చేతులకేసి చూసుకుంది.

“మల్ల ఎందుకు చెప్పలేదంటావా? పేరు చెప్తే ఆడ కూడా అయ్యగారు అయిపోతానే, మేస్త్రీ తాత అని ఇంకెవురు పిలుస్తారు అంటాడు. వచ్చే వారం చెప్తా రాజా, వచ్చే వారం చెప్తా అంటానే పోయినాడు.”

“ఇప్పుడు నేల...?”

“బిడ్డల చేతిలో ఉండాది తల్లీ. నోటిమాటను నమ్మే రకం కాదు వాళ్ళు.”

నాలుగేళ్ళకు ఆ నేల ఇళ్ళ స్థలాలుగా అమ్ముడుపోయింది. కొండబాట ఈనాటికీ ఊటకు అరమైలు ఇవతల, ఒక కాంపౌండు గోడ దగ్గర ముగుస్తుంది.